పాత బెంజ్ 240డి: బానెట్ కింద స్పాంజి పొడిపొడిగా రాలుతోంది, దాని బదులు ఏం వేయాలి?

240డి_వరంగల్ (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మా పెదనాన్న గారి బెంజ్ 240డి, 1983 మోడల్, ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఏదో ఎంబసీ వాళ్లు వాడి వదిలేస్తే అప్పట్లో ఎస్‌టీసీ (కేంద్ర ప్రభుత్వ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్) ద్వారా అమ్మకానికి వచ్చిన బండి. ఎడమ వైపు స్టీరింగు. చాలా ఏళ్లు షెడ్డులో కవరు కప్పుకుని ఉంది. ఇంజనుకు ఏ రోగమూ లేదు. పొద్దున్నే గ్లో ప్లగ్గు లైటు ఆరాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది.

బాధంతా బానెట్ లోపలి వైపు అంటించి ఉన్న స్పాంజితోనే. వేలు తగిలితే చాలు, టీలో నానిన బిస్కెట్టులా ఊడి పడుతోంది. ఇంజను మీద, బ్యాటరీ మీద, ఎక్కడ చూసినా నల్లటి పొడే. బ్లోయర్ వేస్తే డ్యాష్‌బోర్డు గాలి రంధ్రాల్లోంచి కూడా నలుసులు వచ్చి చొక్కా మీద పడుతున్నాయి. ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజనుకు, క్యాబిన్‌కు మధ్య ఉన్న రేకు గోడకు, ఇంజను వైపున్న ప్యాడ్ ఆయిల్ పీల్చి, బరువెక్కి, ఒక మూల కిందికి వేలాడుతోంది.

లోపల కూర్చుంటే మాట వినపడటం లేదు. ఒక షాపు అతను థియేటర్లలో గోడలకు వేసే గుడ్ల ట్రే లాంటి ఫోమ్ అంటిస్తానంటున్నాడు. ఇంకో మెకానిక్ తారు షీటు వేయించమంటున్నాడు. జర్మనీ నుంచి ఒరిజినల్ ప్యాడ్ తెప్పించుకోవచ్చట గానీ, సరుకు ధర కన్నా కొరియరు, కస్టమ్స్ ఎక్కువయ్యేలా ఉంది. ఇక్కడ దొరికే వాటిలో ఏది మంచిది? చేసిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

అంత_అవసరమా (గుంటూరు)

మొత్తం గీకి పారేయండి, పని అయిపోతుంది. డీజిల్ బండి అన్నాక టకటకలాడకపోతే ఎలా?

చిన్నా_124 (సికింద్రాబాద్)

గీకడం వరకు ఒప్పుకుంటా బ్రదర్, ఆ తర్వాత ఖాళీగా వదిలేయడమే తప్పు. ఆ ప్యాడ్ వేడిని కూడా ఆపుతుంది. నాది డబ్ల్యూ124, పుణెలో తయారైన ఈ250 డీజిల్. నాకు ముందున్న ఓనరు ప్యాడ్ పీకేసి అలాగే తిప్పాడు. మే నెలలో ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర కాసేపు ఆగితే బానెట్ మీద చెయ్యి పెట్టలేకపోయేవాణ్ని. ఇంజను పైభాగానికి ఎదురుగా ఉన్న మేర పెయింటు మెరుపు కూడా పోయింది.

వరంగల్ అన్నా, ముందు ఒక పని చెయ్యి. బ్లోయర్ వేయడం ఆపెయ్. అద్దం కింద, బానెట్ వెనక అంచు దగ్గర ఉన్న జాలీలోంచే లోపలికి గాలి వెళ్తుంది. రాలిన పొడి నేరుగా అందులో పడుతోంది. ఆ జాలీ ఊడదీసి, ఆకులు, పొడి అంతా వ్యాక్యూమ్‌తో లాగించు. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయాయేమో కూడా చూడు. లేకపోతే వానాకాలంలో కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంది.

విశాఖ_ఇంజనీర్ (విశాఖపట్నం)

నేను జనరేటర్ గదులకు, ఏసీ డక్టులకు చప్పుడు తగ్గించే పని చేస్తాను. కార్లు నా వృత్తి కాదు గానీ శబ్దం ఎక్కడైనా శబ్దమే కదా.

ఆ గుడ్ల ట్రే ఫోమ్ జోలికి మాత్రం పోవద్దండి. బజారులో ఆ పేరుతో అమ్మేది చాలావరకు మామూలు పాలీయురేథేన్. మీ బానెట్‌కు ఇప్పుడున్నదీ అదే జాతి. వేడికి, తేమకు, ఏళ్ల తరబడి ఆయిల్ ఆవిరికి అది లోపల్లోపలే కుళ్లి పొడి అయిపోతుంది. పైగా మంట అంటుకుంటే ఆగదు. మీ షాపు అతన్ని ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకోండి. ఆరుబయట, ఇసుక మీద పెట్టి అగ్గిపుల్ల అంటించండి, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకోండి. మంట పక్కకు తీయగానే ఆరిపోవాలి. అలా ఆరకుండా మండుతూ, కరిగి చుక్కలుగా కారే సరుకైతే డీజిల్ పైపుల పైన ఉండటానికి పనికిరాదు.

ఇక తారు షీటు సంగతి. చప్పుడు విషయంలో మూడు వేర్వేరు పనులున్నాయి. ఇక్కడ చాలామంది మూడింటికీ ఒకటే మందు వేస్తున్నారు.

రేకు తనంతట తాను మోగుతుంటే దాన్ని మోగకుండా చేయాలి. తారు షీటు, బ్యూటైల్ (బరువైన జిగట రబ్బరు) షీటు చేసేది అదే. వేలితో రేకు మీద కొడితే 'టంగ్' అన్నది 'డప్' అంటుంది. ఇంజను నుంచి వచ్చిన శబ్దం బానెట్‌కు తగిలి మళ్లీ ఫైర్‌వాల్ వైపు తిరిగి రాకుండా పీల్చుకోవడం ఇంకో పని. దానికి గాలి లోపలికి దూరగలిగే మెత్తటి సరుకు కావాలి. ఇక క్యాబిన్‌లోకి రాకుండా అడ్డుకోవాలంటే బరువు కావాలి, సందు లేకుండా మూయాలి. అడ్డం బరువు రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. కానీ ఆ అడ్డంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉందంటే చాలు, మీరు ఎంత మందం వేసినా 20 డెసిబెళ్లు దాటి ఆపలేరు.

బానెట్ కింద కావలసింది ముఖ్యంగా పీల్చుకునే సరుకే. తారు అక్కడ వేస్తే ఎండాకాలం మెత్తబడి జారుతుంది, వాసన కూడా వేస్తుంది. బ్యూటైల్ వేస్తే 2 మి.మీ. షీటు చదరపు మీటరుకు సుమారు 3 కిలోలు తూగుతుంది. బానెట్ అంతా కప్పితే స్ప్రింగులు ఆ బరువు మోయలేకపోవచ్చు. రేకు మధ్యలో, బాగా మోగే చోట, నాలుగో వంతు మేర అంటిస్తే సరిపోతుంది. అంతకు మించి వేసిన దానికి దక్కే లాభం స్వల్పం.

ఆటోనగర్_సీటుకవర్లు (విజయవాడ)

అన్నగారూ, ఇంజనీరు గారు చెప్పింది శాస్త్రం. మా దగ్గరికి వచ్చే బళ్లకు జ్యూట్ ఫెల్ట్ (జనుము పీచుతో చేసిన దళసరి పరుపు) వేస్తాం, పైన రెక్సిన్ వేసి చుట్టూ కుట్టేస్తాం. చూడ్డానికి నీటుగా ఉంటుంది, ఖర్చు తక్కువ. అంబాసిడర్లకు, జీపులకు ఎన్నో వేశాం. ఎవరూ తిరిగి రాలేదు.

విశాఖ_ఇంజనీర్ (విశాఖపట్నం)

సోదరా, క్యాబిన్ లోపల కార్పెట్ కింద జ్యూట్ ఫెల్ట్ వేస్తే నాకు ఏ అభ్యంతరం లేదు, అక్కడ అది బంగారం. ఇంజను వైపు మాత్రం నీళ్లు, ఆయిల్, డీజిల్ అన్నీ తాగేస్తుంది. తాగింది రేకుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి తుప్పు. డీజిల్ తడిసిన జనుము పక్కన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజను పొగ బయటికి పోయే వేడి గొట్టం, ఉందంటే నాకైతే నిద్ర పట్టదు. ఇక పైన రెక్సిన్ వేస్తే శబ్దం లోపలికి దూరే దారే మూసుకుపోతుంది, పీల్చుకునే గుణం చాలావరకు పోయినట్టే.

గోదారి_అంబాసిడర్ (రాజమహేంద్రవరం)

జ్యూట్ ఫెల్ట్‌లో ఎలుకలు కాపురం పెడతాయి, ఆ సంగతి ఎవరూ చెప్పరేంటి? మా అంబీలో పిల్లల్ని కూడా పెట్టాయి. పొగాకు కాడలు పెట్టమన్నారు, పెట్టాను. ఎలుకలు వాటి పక్కనే పడుకున్నాయి.

నాది 1489 సీసీ బీఎంసీ డీజిల్ ఉన్న అంబాసిడర్. దాని ముందు బెంజ్ చప్పుడు వీణ వాయించినట్టే. ఇంజనీరు గారు చెప్పిన ఆ 'నూటికి ఒక వంతు' మాట అక్షరాలా నిజం. నేను మొదట బానెట్ కింద ఏవేవో వేశాను, ఏం తేడా తెలియలేదు. తర్వాత ఒకరోజు రాత్రి షెడ్డులో లైట్లార్పి, ఇంజను వైపు ఒక ట్యూబ్‌లైట్ వెలిగించి, క్యాబిన్‌లో డ్యాష్ కింద తల పెట్టి చూశాను. ఎక్కడెక్కడ వెలుగు కనిపించిందో చెప్తే నమ్మరు. పెడళ్ల చుట్టూ, స్టీరింగు రాడ్డు దగ్గర, స్పీడోమీటర్ కేబుల్ రంధ్రం, ఎప్పుడో ఎవరో హారన్ వైరు కోసం డ్రిల్లు చేసి వదిలేసిన బెజ్జం, హీటరు తీసేసిన చోట రెండు పెద్ద కన్నాలు. వైరింగు బెజ్జాలకు కొత్త రబ్బరు గ్రోమెట్లు, పెద్దవాటికి రేకు ముక్క, దాని అంచుకు సీలెంటు. దాంతోనే సగం చప్పుడు పోయింది. పొగ వాసన, కాళ్లకు తగిలే వేడి కూడా పోయాయి.

వరంగల్ బాబూ, నువ్వు కూడా ముందు ఆ లైటు పరీక్ష చెయ్యి. రూపాయి ఖర్చు లేదు.

టెక్సస్_టర్బో (డాలస్ దగ్గర)

హలో అండీ. నా దగ్గర 300డి టర్బోడీజిల్ ఉంది, మీ బండికి అన్నయ్య లాంటిది. మీ నాలుగు సిలిండర్ల ఇంజనుకే ఇంకో సిలిండరు కలిపినట్టు ఉంటుంది.

ప్యాడ్ కొనే ముందు అసలు చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోండి. వాల్వ్ గ్యాపును తమంతట తామే సరిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఈ ఇంజన్లకు లేవు, ఆ గ్యాపు చేత్తో సరిచేయాలి. సుమారు 24,000 కిలోమీటర్లకు ఒకసారి చూడాలని కంపెనీ లెక్క. షెడ్డులో ఉన్న బండికి ఎవరు చూసి ఉంటారు? ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.10 మి.మీ., ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. వదులైన వాల్వు టిక్‌టిక్‌మని మొత్తుకుంటుంది. బిగుసుకుపోయినది నోరు మెదపకుండా కాలిపోతుంది. అందుకే చప్పుడు తగ్గినంత మాత్రాన అంతా బాగుందని అనుకోకూడదు.

తర్వాత ఇంజెక్టర్లు. ఐడిల్‌లో ఒక సిలిండరు మాత్రం సుత్తితో కొట్టినట్టు వినిపిస్తే, ఒక్కో ఇంజెక్టరు పైపు నట్టును కొద్దిగా వదులు చేసి చూస్తారు. ఏ నట్టు వదిలినప్పుడు ఆ దెబ్బ ఆగిందో ఆ ఇంజెక్టరే దోషి. గుడ్డ చుట్టి చేయాలి, చేతులు దగ్గర పెట్టకూడదు, కళ్లద్దాలు తప్పనిసరి. అలవాటున్న డీజిల్ పంపు మెకానిక్ చేత చేయిస్తే మేలు.

ఇంజను మౌంట్లు (ఇంజను కూర్చునే రబ్బరు దిమ్మలు), పక్కనున్న చిన్న షాక్ అబ్జార్బర్లు కూడా చూడండి. రబ్బరు కూర్చుండిపోతే ఇంజను వణుకంతా ఛాసీకి ఎక్కుతుంది. సీటు, స్టీరింగు, వెనక అద్దం అన్నీ కలిసి ఊగుతాయి.

విశాఖ_ఇంజనీర్ (విశాఖపట్నం)

మౌంట్ల మాట బాగా చెప్పారు. లెక్క కట్టి చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజను 750 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 25 సార్లు పేలుతుంది. 25 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు పదమూడు మీటర్ల పైనే. దాన్ని రెండు సెంటీమీటర్ల స్పాంజి ఆపుతుందని ఆశించడం దండగ. ఆ గుమ్మనే మోత మౌంట్లు మార్చితేనే తగ్గుతుంది. ప్యాడ్ పట్టుకునేది పై స్థాయి చప్పుడుని, అంటే డీజిల్ టకటకలో చెవికి గుచ్చుకునే భాగాన్ని. 1000 హెర్ట్జ్ దగ్గర కొంత పనిచేస్తుంది, 2000 దాటాక బాగా పనిచేస్తుంది. ఆ భాగం తగ్గితే మీటరులో పెద్దగా కనిపించకపోయినా చెవికి ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది.

240డి_వరంగల్ (హనుమకొండ)

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. గోదారి అన్నగారూ, లైటు పరీక్ష చేశాను. క్లచ్ పెడల్ పైన ఒక పెద్ద బెజ్జం, ఎప్పుడో స్టీరియో యాంప్లిఫయర్ కోసం లాగిన లావు వైరు దగ్గర ఇంకోటి. రెండింటిలోంచీ ఇంజనులో ఉన్న హోస్ క్లిప్పు మీది అక్షరాలు చదవొచ్చు.

వాల్వులు చెక్ చేయించాను. రెండు ఎగ్జాస్ట్ వాల్వులు బాగా బిగుసుకున్నాయి, ఒక ఇన్‌టేక్ వదులు. సరిచేశాక పైనుంచి వచ్చే టిక్‌టిక్ పోయింది. మౌంట్లు రెండూ చితికిపోయి ఉన్నాయి, ఆర్డరు పెట్టాను.

ఇప్పుడు ప్యాడ్ సంగతి. ఏది కొనాలి? ఏసీ డక్టులకు వేసే నల్ల నైట్రైల్ రబ్బరు షీటు రాణిగంజ్‌లో సులువుగా దొరుకుతుందని ఒకరు చెప్పారు. దాంట్లో మంటకు ఆగే రకం కూడా ఉందట.

విశాఖ_ఇంజనీర్ (విశాఖపట్నం)

నైట్రైల్ మంచి సరుకే, నేను రోజూ వాడతాను. కానీ అది మూసుకుపోయిన బుడగలతో చేసిన ఫోమ్. వేడి, చెమ్మ ఆపడానికి పెట్టింది పేరు, శబ్దం పీల్చడంలో అంతంతమాత్రం. పైగా 105 డిగ్రీల దాకానే దాని ఓపిక. మానిఫోల్డ్ దగ్గర గట్టిపడి పగులుతుంది.

బానెట్‌కు నా ఓటు మెలమైన్ ఫోమ్‌కు. వంటింట్లో మరకలు తుడిచే తెల్ల స్పాంజి, మ్యాజిక్ స్పాంజి అని అమ్ముతారే, అదే పదార్థం. 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మంట పెడితే నల్లబడుతుంది గానీ కరిగి కారదు. శబ్దం పీల్చడంలో దానికి తిరుగు లేదు. లోపమల్లా ఏమిటంటే గట్టిగా నొక్కితే పొడి అవుతుంది, నీళ్లు తాగుతుంది. అందుకని ఇంజను వైపు పలుచటి గ్లాస్ క్లాత్ ఉన్నది అడగండి. నేసిన బట్టలా ఉంటుంది, గాలి పోతుంది, ఆయిల్ చుక్క మాత్రం అంత సులువుగా దిగదు. 20 మి.మీ. మందం చాలు. స్టూడియోలకు, జనరేటర్ క్యానపీలకు సరుకు వేసే డీలర్లు తెప్పించి ఇస్తారు. అంచులన్నీ అల్యూమినియం టేపుతో మూసేయండి.

ఫైర్‌వాల్‌కు ఇంజను వైపు మళ్లీ అదే ఫోమ్, ఫాయిల్ ఉన్న రకం. లోపలి వైపు కార్పెట్ కింద బరువైన రబ్బరు షీటు, దాని వెనక ఫెల్ట్. ఆటోనగర్ సోదరుడి జ్యూట్ ఇక్కడ పనికొస్తుంది.

చిన్నా_124 (సికింద్రాబాద్)

ఫాయిల్ వేస్తే శబ్దం వెనక్కి కొడుతుంది కదా సార్? ఇందాక రెక్సిన్‌కు అదే అన్నారు.

విశాఖ_ఇంజనీర్ (విశాఖపట్నం)

మంచి ప్రశ్న. మందపాటి ఫాయిల్ అయితే మీరన్నట్టే అవుతుంది. బానెట్‌కు అందుకే ఫాయిల్ కాకుండా గ్లాస్ క్లాత్ చెప్పాను. ఫైర్‌వాల్ దగ్గర మానిఫోల్డ్ వేడి నేరుగా తగులుతుంది కాబట్టి అక్కడ శబ్దంలో కొంత వదులుకుని వేడి నుంచి కాపాడుకోవడం నయం. సన్నటి రంధ్రాలున్న ఫాయిల్ దొరికితే రెండూ కలిసొస్తాయి.

మోడరేటర్

ఒక మనవి. కొందరు నాకు విడిగా మెసేజ్ పెట్టి ఆస్బెస్టాస్ గురించి అడిగారు. పాత బళ్లలో బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేట్లు, గాస్కెట్లతో పాటు కొన్ని చోట్ల వేడి తగిలే అట్టల్లో కూడా అది వాడారు. కళ్లతో చూసి తేల్చలేం. నల్లటి స్పాంజి పొడి అది కాదు. బూడిద రంగులో, పీచు పీచుగా ఉన్న అట్ట కనిపిస్తే మాత్రం పొడిగా గీకొద్దు, గాలి కొట్టొద్దు, డ్రిల్లుకు వైరు బ్రష్షు పెట్టి రుద్దొద్దు. సబ్బు నీళ్లతో బాగా తడిపి, మంచి మాస్కు పెట్టుకుని, ఒకే ముక్కగా తీసి, కవరులో వేసి మూతి కట్టేయండి.

టెక్సస్_టర్బో (డాలస్ దగ్గర)

పాతది తీసేటప్పుడు ఒక జాగ్రత్త, డబ్ల్యూ123 బళ్ల (మన 240డి, 300డి తరం) వాళ్లందరికీ. ఈ డీజిల్ ఇంజను ఆగేది వ్యాక్యూమ్‌తో. తాళం తిప్పితే వ్యాక్యూమ్ వెళ్లి పంపును మూస్తుంది. ఫైర్‌వాల్ దగ్గర నుంచి పోయే సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు ఏళ్లకు పెళుసుబారి ఉంటాయి. ఇక్కడ ఒక షాపులో నా బండి ఫైర్‌వాల్ ప్యాడ్ మార్చేటప్పుడు ఒక గొట్టం కీలు దగ్గర చిట్లింది, ఎవరూ చూడలేదు. బిల్లు కట్టి ఇంటికొచ్చి తాళం తీసి జేబులో వేసుకున్నాను. ఇంజను మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది! పక్కింటాయన వరండాలోంచి చూస్తున్నాడు, నేను ఏదో కావాలనే చేస్తున్నట్టు నటించాను. బానెట్ ఎత్తితే ఇంజను మీద స్టాప్ అని రాసి ఉన్న లివరు ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. పని మొదలెట్టకముందే అది ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

డోర్ లాకులు కూడా వ్యాక్యూమ్ మీదే నడుస్తాయి. ప్యాడ్ మార్చాక లాకులు నీరసంగా పడుతుంటే ఏదో గొట్టం ఎక్కడో లీకు పెట్టినట్టే.

ఇంకోటి. ఇంజెక్టర్ల మధ్య ఉండే గుడ్డ అల్లిక రిటర్న్ పైపులు కూడా ఇప్పుడే మార్చేయండి. ఎండిపోయి చెమర్చుతుంటాయి. కొత్త ఫోమ్ కింద డీజిల్ చెమర్చే పైపులు ఉంచడం ఏ మాత్రం మంచిది కాదు. మీటరు పైపు కొంటే అన్నీ అయిపోతాయి.

ఆటోనగర్_సీటుకవర్లు (విజయవాడ)

జ్యూట్ పక్కన పెడదాం అన్నగారూ, అంటించడం గురించి చెప్తా, అది మా రోజువారీ పని.

బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. ఇంజను మొత్తం పాత దుప్పటి, దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పండి. ఎయిర్ ఫిల్టరు మూతికి గుడ్డ కుక్కండి, పని అయ్యాక గుర్తుగా తీయండి. మీ బెంజ్ బానెట్ నిటారుగా నిలబడుతుంది, అది మీ అదృష్టం. వేరే బళ్లకు మేం బానెట్ ఊడదీసి బల్ల మీద వేసి చేస్తాం.

పాత స్పాంజి ప్లాస్టిక్ గరిటెతో లేపండి, ఇనుప పట్టీ వాడితే పెయింటు లేస్తుంది. కింద మిగిలే పసుపు పచ్చ జిగురు మొండిది. థిన్నర్ పోస్తే జిగురుతో పాటు రంగు కూడా వస్తుంది. మినరల్ టర్పెంటైన్ గుడ్డకు అద్ది కాసేపు నాననిచ్చి తుడవండి, ఓపిక పట్టాలి. చివర్లో సబ్బు నీళ్లు, పొడి గుడ్డ. మెరిసే పెయింటు మీద జిగురు పట్టదు, గ్రీన్ స్క్రబ్బరుతో కొద్దిగా రుద్దండి.

జిగురు విషయంలో రాజీ పడొద్దు. సోఫాలకు వేసే స్ప్రే జిగురు ఏప్రిల్ నెలకే వదిలేస్తుంది, ప్యాడ్ వచ్చి ఇంజను మీద కూర్చుంటుంది. డబ్బా మీద ఎన్ని డిగ్రీల వేడి తట్టుకుంటుందో రాసి ఉన్న కాంటాక్ట్ జిగురు కొనండి. రెండు వైపులా పలుచగా పూయండి, వేలికి అంటనంత వరకు ఆరనివ్వండి, అప్పుడు పెట్టండి. ఒకసారి తగిలితే మళ్లీ జరపలేం, అందుకే మధ్యలో పేపరు పెట్టి కొంచెం కొంచెంగా లాగుతూ అంటించాలి. వాన పడే రోజు చేయొద్దు, జిగురు మీద తెల్లటి పొర వచ్చి పట్టు పోతుంది. చుట్టూ అంచుకు, ఉన్న రంధ్రాల్లోనే ప్లాస్టిక్ క్లిప్పులు కొట్టండి. కొత్త బెజ్జాలు వేయొద్దు.

240డి_వరంగల్ (హనుమకొండ)

ఆటోనగర్ అన్నగారికి దండాలు. చివరి సందేహం. 20 మి.మీ. వేస్తే బానెట్ మూసినప్పుడు ఎయిర్ ఫిల్టరు డబ్బాకు తగులుతుందేమో ఎలా తెలుస్తుంది?

గోదారి_అంబాసిడర్ (రాజమహేంద్రవరం)

చపాతీ పిండి! నిమ్మకాయంత ఉండలు నాలుగు చేసి, ఎత్తైన చోట్ల, అంటే ఫిల్టరు డబ్బా మీద, రేడియేటర్ మూత మీద పెట్టు. పైన పలుచటి కవరు ముక్క వెయ్యి, పెయింటుకు అంటకుండా. బానెట్ మెల్లగా మూసి, మళ్లీ తెరిచి, నొక్కుకుపోయిన పిండి మందం స్కేలుతో కొలువు. ఇంజను వణుకుతుంది కాబట్టి పిండి మందం కంటే ఒక సెంటీమీటరు తక్కువ ఫోమ్ వేసుకోవాలి.

240డి_వరంగల్ (హనుమకొండ)

పని అయిపోయిందండీ. కొంచెం వివరంగా రాస్తాను, తర్వాత చేసేవాళ్లకు పనికొస్తుంది.

పిండి పరీక్షలో ఫిల్టరు డబ్బా దగ్గర 22 మి.మీ. వచ్చింది. అక్కడ మాత్రం ఫోమ్‌ను 10 మి.మీ.కి చెక్కాను, పళ్ల బ్రెడ్డు కత్తి బాగా పనిచేసింది. మిగతా చోట్ల 20. పాత స్పాంజి పూర్తిగా పీకకముందే దాని అంచుల మీద చార్టు పేపరు పెట్టి గీసుకున్నాను, స్పాంజి ఊడిన చోట జిగురు మరక గీత పట్టుకుని గీశాను.

జిగురు తుడవడం మాత్రం నరకం. మా తమ్ముడు సాయం వచ్చి, ఒక పూట చేసి, మళ్లీ కనిపించలేదు. బానెట్ మధ్యలో నాలుగు బ్యూటైల్ ముక్కలు వేసి, వాటి పైన ఫోమ్ అంటించాను. ఫైర్‌వాల్ పని మెకానిక్ చేత చేయించాను. వ్యాక్యూమ్ గొట్టాలకు ముందే రంగు దారాలు కట్టి ఫోటోలు తీసి పెట్టుకున్నాం. పెళుసుగా ఉన్న రెండు రబ్బరు కీళ్లు మార్చాం. రిటర్న్ పైపులు, మౌంట్లు కూడా కొత్తవి.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి, అదే చోట, అద్దాలు మూసి చూశాను. ఐడిల్‌లో మౌంట్లు, కన్నాలు సరిచేశాక తగ్గినదే ఎక్కువ. ప్యాడ్‌తో దాని మీద రెండు మూడు డెసిబెళ్లు తగ్గి ఉంటుంది, అంతే. కానీ ఇంజనీరు గారు చెప్పినట్టు ఆ గుచ్చుకునే టకటక బాగా పోయింది. ములుగు రోడ్డు మీద 70 వేగంలో మా ఆవిడ వెనక సీటులోంచి మామూలు గొంతుతో మాట్లాడింది, నాకు వినపడింది. 90 దాటితే గాలి చప్పుడు, టైర్ల చప్పుడు ముందుకొస్తున్నాయి, అది వేరే కథ.

బ్లోయర్‌లోంచి నలుసులు ఇంకా అప్పుడప్పుడు ఒకటీ అరా వస్తున్నాయి. బ్లోయర్ మోటారు విప్పాలేమో.

చిన్నా_124 (సికింద్రాబాద్)

మోటారు విప్పు అన్నా, ఫ్యాను రెక్కల మధ్య ఇంకా ఉండి ఉంటుంది. విప్పినప్పుడు మోటారు కార్బన్ బ్రష్షులు కూడా చూడు.

అంత_అవసరమా (గుంటూరు)

ఇంత కష్టపడి రెండు మూడు డెసిబెళ్లా?

విశాఖ_ఇంజనీర్ (విశాఖపట్నం)

3 డెసిబెళ్లు అంటే శబ్ద శక్తి సగం అయినట్టండీ. చెవికి సగం అనిపించాలంటే 10 తగ్గాలి, అది నిజమే. మొత్తం పని కలిపి ఎంత తగ్గిందో చూడాలి గానీ ప్యాడ్ ఒక్కదాన్నే విడదీసి చూస్తే మీ ప్రశ్నలో న్యాయం ఉంది.

గోదారి_అంబాసిడర్ (రాజమహేంద్రవరం)

బాబూ, ఆ మెలమైన్ షీటు మిగిలిందా? మా అంబీ బానెట్‌కు కూడా వేద్దామనుకుంటున్నా. ఎలుకలు దాన్ని ముట్టుకుంటాయా?

240డి_వరంగల్ (హనుమకొండ)

ఒక పెద్ద ముక్క ఉంది అన్నగారూ, మీ బానెట్‌కు మాత్రం చాలదు. అడ్రసు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. ఎలుకల సంగతి రెండు నెలలు ఆగి చెప్తాను. ఇప్పటికైతే అంచుల్లో టేపు ఎక్కడా కొరికిన గుర్తులు లేవు. మొన్న పెద్ద వానకు ముందు మూలలో మాత్రం టేపు కొంచెం లేచింది, అక్కడ తుడిచి ఆరబెట్టి మళ్లీ వేశాను. మీరు వేసేటప్పుడు ఆ ముందు అంచుకు రెండు వరసలు వేయండి.